పెద్ద దుబ్బు మొక్కలు: పెరిగే తీరు తెలుసుకుని హద్దులో ఉంచడం ఎలా

నర్సరీ సంచిలో ఉన్న హెలికోనియా పిలకలో రెండాకులు, బొటనవేలంత దుంప తప్ప ఏమీ కనిపించవు. నేల నచ్చితే అదే పిలక కొన్నేళ్లలో మనిషెత్తు దాటి, నాటిన చోటికి రెండు మూడు మీటర్ల అవతల కూడా తలెత్తుతుంది. మెట్టతామర, అరటి, వెదురు, పంపాస్ గడ్డి లాంటి ఏళ్ల తరబడి బతికే పెద్ద మొక్కలన్నిటికీ ఈ గుణం ఎంతో కొంత ఉంది. తోటకు నిండుదనం తెచ్చేవి ఇవే, అదుపు తప్పితే పక్క మొక్కల ఎండనూ నీటినీ లాగేసుకునేవీ ఇవే.

చాలామంది మొక్క చేయి దాటాక గునపం పడతారు. అప్పటికి పని బాగా పెరిగిపోయి ఉంటుంది, విసుగొచ్చి మొక్కనే తీసేస్తారు. అది అనవసరం. ఆ మొక్క నేల కింద ఎలా కదులుతుందో తెలిస్తే, ఏడాదికి ఒకటి రెండు సార్లు దాని అంచు దగ్గర కాసేపు పనిచేస్తే చాలు. ఎంత పెద్ద మొక్కయినా మనం ఇచ్చిన చోటులో హాయిగా ఉంటుంది, పూస్తుంది కూడా.

నేల కింద ఏం జరుగుతుంది

ఈ మొక్కల్లో చాలా వాటికి పైన కనిపించే కాండం తాత్కాలికమే. అరటిలో మనం బోదె అనుకునేది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగుల కట్ట. అసలు కాండం నేలలోని దుంప. గెల వేశాక ఆ బోదె చనిపోతుంది, దుంప పక్క నుంచి లేచిన పిలక దాని స్థానంలోకి వస్తుంది. హెలికోనియా, మెట్టతామరల్లో కూడా ఒక్కో కాడ పూసి ముగిసిపోతుంది. మళ్లీ పూయాలంటే కొత్త పిలక రావాలి, కొత్త పిలకకు కొత్త చోటు కావాలి. విస్తరణే వాటి బతుకు. దాన్ని పూర్తిగా ఆపితే పూతా ఆగిపోతుంది. ఎటు పోవాలి, ఎంత వేగంగా పోవాలి అన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది.

ఒక అల్లం కొమ్మును పరిశీలించండి. కణుపులు, కణుపు దగ్గర కళ్లు, కొసన ఎదిగే మొన కనిపిస్తాయి. నేలలో అడ్డంగా సాగే కాండమంటే అదే. ఇలాంటి కొమ్ముల్లో కొసనున్న మొగ్గ ఎదుగుతున్నంత కాలం వెనకున్న కళ్లలో చాలా వాటిని హార్మోన్ల ద్వారా నిద్రలోనే ఉంచుతుంది. కొస తెగితే ఆ అదుపు పోయి వెనక కళ్లు మేల్కొంటాయి. దర్భ, తుంగ, గరిక ఉన్న నేలను ఒకసారి తవ్వి వదిలేస్తే అవి మునుపటి కన్నా దట్టంగా రావడానికి కారణం ఇదే. తవ్వినవారు ఒక మొక్కను పది ముక్కలు చేసి, పదింటినీ నిద్ర లేపి వెళ్లారన్నమాట. కింద చెప్పబోయే పనులన్నిటికీ ఇది పునాది: కొమ్మును కోస్తే పని సగమే అయినట్టు, కోసిన ముక్కను నేలలోంచి బయటికి తీస్తేనే పూర్తయినట్టు.

ఆహార నిల్వ సంగతి కూడా తెలియాలి. ఆకులు తయారుచేసిన చక్కెరలు కొమ్ముల్లో, దుంపల్లో పిండిపదార్థంగా చేరతాయి. కొత్త పిలక నేల చీల్చుకుని వచ్చి ఆకులు విచ్చేదాకా ఆ నిల్వ మీదే బతుకుతుంది. కాబట్టి ఆకులు బాగా విచ్చుకుని, ఇంకా కిందికి ఆహారం పంపడం మొదలుపెట్టని దశలో నిల్వ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మొక్కను బలహీనపరచాలనుకుంటే కోయాల్సింది అప్పుడే. విడదీసి నాటాలనుకుంటే మాత్రం నిల్వ నిండుగా ఉండి, కళ్లు అప్పుడప్పుడే ఉబ్బుతున్న సమయం చూసుకోవాలి.

ఒక చిన్న లెక్క కూడా చూడండి. దుబ్బు అడ్డుకొలత 1 మీటరు ఉన్నప్పుడు అది సుమారు 0.8 చదరపు మీటర్ల నేల ఆక్రమిస్తుంది. 2 మీటర్లయితే 3.1, 3 మీటర్లయితే 7 చదరపు మీటర్లు. మొక్క ఏటా ఒకే వేగంతో బయటికి జరుగుతున్నా అది తినే నేల మాత్రం ఏటేటా పెరుగుతూ పోతుంది. పైగా నాటిన మొదటి ఏడాదీ రెండో ఏడాదీ చాలా మొక్కలు వేళ్లు పట్టించుకోవడంలోనే గడుపుతాయి, పైకి పెద్దగా మార్పు కనిపించదు. మూడో ఏట నుంచి ఒక్కసారిగా ఊపందుకుంటాయి. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి పెరిగిపోయింది’ అన్న మాట వెనక ఉన్నది ఈ రెండు కారణాలే.

మొదటి అడుగు: మొక్క ఏ తీరుదో తేల్చుకోండి

పిలకలతో విస్తరించే మొక్కలను వృక్షశాస్త్రంలో రెండు తీరులుగా చూస్తారు. లెస్లీ లవెట్ డౌస్ట్ అనే పరిశోధకురాలు 1981లో వీటికి యుద్ధరంగం నుంచి పేర్లు పెట్టారు. పిలకలన్నీ భుజం భుజం కలిపి ఒక గోడలా ముందుకు జరిగేది సేనావ్యూహపు తీరు. పొడవాటి కొమ్ములు పంపి, దూరంగా అక్కడొకటి ఇక్కడొకటి లేచేది గెరిల్లా తీరు. తోటమాలికి ఈ తేడా ఎంతో ముఖ్యం. మొదటి రకానికి అంచు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, రెండో రకానికి కనిపించదు.

పక్షి తల ఆకారపు పూలు పూసే బర్డ్ ఆఫ్ పారడైజ్, నిమ్మగడ్డి, వట్టివేరు, వెదుళ్లలో బాంబూసా, డెండ్రోకాలమస్ జాతులు గట్టి దుబ్బు కట్టే రకాలు. ఇవి మెల్లగా లావెక్కుతాయే గాని దూరాలకు పోవు. వట్టివేరు మరీ ప్రత్యేకం. దాని వేళ్లు పక్కలకు తక్కువగా పాకి, నేలలోకి నిట్టనిలువుగా 3 మీటర్ల దాకా దిగుతాయి. తోటల్లో పెంచే రకాల్లో మొలకెత్తే విత్తనం సాధారణంగా ఉండదు. గట్టు కోతను ఆపడానికి దాన్ని వరుసగా నాటేది అందుకే.

ఫిల్లోస్టాకిస్ జాతి వెదుళ్లు, హెలికోనియా సిట్టకోరమ్ అనే చిన్న హెలికోనియా, పుదీనా, దర్భ పాకే రకాలు. ఫిల్లోస్టాకిస్ కొమ్ము ఒక్క సీజన్లో మీటర్ల దూరం పోగలదు. మెట్టతామర, అరటి, సువాసన పూల హెడీకియం ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి. దుబ్బుగానే మొదలవుతాయి, తేమ, ఎరువు ఎటు ఎక్కువగా ఉంటే అటు జరుగుతూ పోతాయి.

క్రైనమ్, స్పైడర్ లిల్లీ లాంటివి తల్లిగడ్డ చుట్టూ పిల్లగడ్డలు పెడతాయి. విస్తరణ నెమ్మదే, కానీ వీటికి ముడుచుకునే వేళ్లు ఉంటాయి. ఆ వేళ్లు కుంచించుకుపోతూ గడ్డను ఏటా కొంచెం లోతుకు లాగుతాయి. అందుకే పాత క్రైనమ్‌ను పెకలించాలంటే అనుకున్నదానికన్నా లోతుగా తవ్వాల్సివస్తుంది. ఇక లూపిన్, బాప్టీసియా లాంటి లోతు తల్లివేరు మొక్కలు పిలకలతో పాకవు. వీటితో జాగ్రత్త వేరే: ఒకసారి నాటాక కదపకూడదు.

మీ మొక్క ఏ తీరుదో తెలియకపోతే అంచున ఒకచోట పైమట్టిని చేత్తో, చిన్న బొరిగెతో మెల్లగా తొలగించి చూడండి. కొత్త పిలక పాత కాడకు జానెడు లోపే ఉంటే దుబ్బు రకం. రెండింటి మధ్య మూరెడు పొడవున సన్నటి, కణుపుల కొమ్ము కనిపిస్తే పాకే రకం. కొనే ముందైతే శాస్త్రీయ నామం అడిగి తెలుసుకోవడం మంచిది. ‘వెదురు’, ‘హెలికోనియా’ అన్న పేర్ల కింద రెండు తీరుల మొక్కలూ అమ్ముతారు, ఆ తేడా తర్వాతి ఇరవై ఏళ్ల శ్రమను నిర్ణయిస్తుంది.

మొక్క మీ ప్రాంతానికి హానికరమైన జాబితాలో ఉందేమో కూడా అప్పుడే చూడండి. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతులంటూ రూపొందిన అంతర్జాతీయ జాబితాలో హెడీకియం గార్డ్‌నేరియానమ్, జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు, రెల్లులా ఎత్తుగా పెరిగే అరుండో గడ్డి, పసుపుపచ్చ పూల వెడీలియా ఉన్నాయి. ఇవన్నీ ఏదో ఒక కాలంలో అందం కోసమో అవసరం కోసమో కొత్త నేలలకు చేరినవే. ఆ హెడీకియం హిమాలయాల మొక్క. హవాయి, న్యూజిలాండ్, అజోర్స్ దీవుల అడవుల్లో నేలంతా కమ్మేసి అక్కడి మొక్కలను మొలవనివ్వడం లేదు. అడవికో వాగుకో దగ్గరగా తోట ఉన్నవారు ఇలాంటి మొక్కల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. మన తోటలోది మనం అదుపు చేయగలం, పక్షి మోసుకుపోయిన విత్తనాన్ని అదుపు చేయలేం.

రెండో అడుగు: నాటకముందే చోటు లెక్క వేయండి

పూర్తిగా ఎదిగినప్పటి ఎత్తును అందరూ అడుగుతారు, వెడల్పును అడగరు. రెండు మొక్కల మధ్య దూరం తేల్చడానికి వాటి ఎదిగిన వెడల్పులను కలిపి సగం చేయండి. ఒకటి 120, ఇంకొకటి 80 సెంటీమీటర్లయితే మధ్యలో 100 సెంటీమీటర్లు ఉండాలి. గోడ పక్కనైతే వెడల్పులో సగం దూరం వదిలి, దానికి తోడు మనిషి వంగి పనిచేసేందుకు అర మీటరు దారి ఉంచండి. ఆ దారి లేకపోతే వెనకవైపు అంచును ఎవరూ చూడరు, మొక్క అక్కడి నుంచే జారుకుంటుంది.

మొదట్లో మొక్కల మధ్య నేల బోసిగా ఉంటుంది. దాన్ని నింపాలన్న ఆత్రంలో దగ్గర దగ్గరగా నాటడమే తర్వాతి తంటాలన్నిటికీ మూలం. ఆ ఖాళీలో రెండు మూడేళ్లు ఏకవార్షిక పూలు, అంటే ఒక్క సీజన్లో పూసి ముగిసేవి, వేసుకోండి. దుబ్బు ఎదిగి నీడ పడేసరికి అవి వాటంతటవే తప్పుకుంటాయి.

నేల బలం వేగాన్ని మారుస్తుంది. తేమ, నత్రజని పుష్కలంగా ఉన్న నేలలో మెట్టతామర, అరటి, హెలికోనియాలు విజృంభిస్తాయి. ఈ మొక్కలు పూయడానికి పోషణ అవసరమే, కానీ ఎరువు, నీరు దుబ్బు మధ్యన పడాలి. అంచు అవతల మెత్తటి, తడి నేల ఉంచితే మొక్కను మనమే అటు పిలిచినట్టు. పాకే రకాల అవతలి నేలను గట్టిగా, పొడిగా ఉంచడం ఖర్చులేని మొదటి కట్టడి. అయితే దీన్నే నమ్ముకోకండి. కొన్ని జాతులు పేద నేలలో కొమ్ముల కణుపుల మధ్య దూరం పెంచుకుని, మంచి చోటు వెతుక్కుంటూ మరింత ముందుకు సాగుతాయి.

మూడో అడుగు: నాటడం

ఇందులో పెద్ద రహస్యం లేదు. కొమ్ములను అడ్డంగా, కళ్లు పైకి ఉండేలా, జాతిని బట్టి 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతున పెట్టండి. బర్డ్ ఆఫ్ పారడైజ్ లాంటి వాటిని కుండీలో ఏ మట్టంలో ఉందో అదే మట్టంలో నాటాలి, లోతైతే పూత ఆలస్యమవుతుంది. చలి దేశాల్లో పెంచే పియోనీకి ఇది ఇంకా ముఖ్యం: దాని కళ్ల మీద 5 సెంటీమీటర్లకు మించి మట్టి ఉంటే ఏళ్ల తరబడి ఆకులతోనే సరిపెడుతుంది. నాటిన రోజున దుబ్బు ఎంతవరకు రావచ్చో నిర్ణయించుకుని ఆ గీత మీద రాళ్లో ఇటుకలో పాతండి. వాటి వల్ల మొక్క ఆగదు. కానీ గీత కళ్లెదుట ఉంటేనే అది దాటిందో లేదో తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఏటా అంచు కోత

మొత్తం మార్గదర్శిలో ఒక్క పనే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

కావలసినవి పదునైన పార, గునపం, కత్తెర, చేతి తొడుగులు. అరటికి, ముదిరిన వెదురుకు ఒక రంపం కూడా ఉండాలి. ముందురోజు అంచు చుట్టూ నేలను తడపండి. పొడి నేలలో పార దిగదు, బురదలో కొమ్ములు కనిపించవు. కొద్దిగా తడిసి, పిడికిట పడితే ముద్దయి విడిపోయే నేల సరైనది.

మీరు పెట్టుకున్న గీత వెంబడి పారను నిలువుగా, పూర్తి లోతుకు దించుతూ దుబ్బు చుట్టూ తిరిగి రండి. ఒక్కో పోటు ముందుదానితో కలవాలి, మధ్యలో సందు వదిలితే అక్కడ కొమ్ము తెగకుండా మిగులుతుంది. చుట్టు పూర్తయ్యాక గీతకు అవతలివైపు పారను ఏటవాలుగా దింపి మట్టిని పైకి లేపండి. ఇప్పుడు తెగిన కొమ్ములు వదులుగా బయటికొస్తాయి. ప్రతి ముక్కను చేత్తో లాగి, కొస దాకా వచ్చిందో లేదో చూడండి. విరిగి లోపల ఉండిపోతే దాని వెంట తవ్వి తీయాల్సిందే. పైన చెప్పిన నిద్ర కళ్ల సంగతి ఇక్కడే పనికొస్తుంది: లోపల వదిలిన ముక్క మరుసటి నెల మొక్క అవుతుంది.

ఎప్పుడు చేయాలి? ఎదిగే కాలం మొదలై కొత్త పిలకలు జానెడు పెరిగిన సమయంలో ఒకసారి. మొక్క ఎటు వెళ్తోందో అప్పుడు పిలకలే చూపిస్తాయి. పాకే రకాలకు ఎదుగుదల ముగిసే ముందు ఇంకోసారి చేయాలి. దుబ్బు రకాలకు ఏడాదికొకటి చాలు, బర్డ్ ఆఫ్ పారడైజ్‌కు కొన్నేళ్లకోసారి చేసినా సరిపోతుంది. అది కొంచెం ఇరుకుగా ఉన్నప్పుడే బాగా పూస్తుంది కూడా, నీలి పూగుత్తుల అగపాంథస్ తీరూ అదే. వీటిని ఊరికే కెలకకండి.

అంచు కోసేటప్పుడే దుబ్బు లోపల పూసి ముగిసిన కాడలను నేలమట్టానికి కోసేయండి. హెలికోనియా, మెట్టతామర, హెడీకియంలలో పూత పూర్తిగా ముగిసిన కాడ మళ్లీ పూయదు, చోటూ వెలుతురూ మాత్రం ఆక్రమిస్తుంది. మధ్యలోకి వెలుతురు వెళ్తే కొత్త పిలకలు అక్కడే లేస్తాయి, బయటికి పరుగెత్తే అవసరం తగ్గుతుంది.

అరటికి పద్ధతి కొంచెం వేరు. తల్లి బోదె, దాని తర్వాత గెల వేయబోయే ఒక పిలక, దాని వెనక ఇంకో చిన్న పిలక ఉంచుకుని మిగతావి తీసేయాలి. ఉంచే పిలకను ఎంచడంలో ఉంది నేర్పు. కత్తిలా సన్నటి ఆకులు, అడుగున లావు ఉన్న పిలక బలమైనది. చిన్నప్పుడే వెడల్పాకులు వేసే నీటి పిలకకు తల్లిదుంపతో బంధం పలచగా ఉంటుంది, అది తీసేయాల్సింది. పైన కోసి వదిలేస్తే అరటి పిలక కొద్ది రోజుల్లోనే మధ్యలోంచి మళ్లీ పొడుచుకొస్తుంది. ఎదిగే మొన దుంప పైభాగంలో నేలమట్టానికి కిందే ఉంటుంది కనుక గునపం కొసతో ఆ మొనను పొడిచి పెకలించాలి. ఉంచే పిలకను ఏటా ఒకే దిక్కున ఎంచుకుంటూ పోతే అరటి కుదురు మెల్లగా ఆ దిక్కుకే జరుగుతుంది. గోడ ఉన్నవైపు పిలకలను తీసి, ఖాళీ ఉన్నవైపుది ఉంచుకోవడం మీ చేతిలోనే ఉంది.

అయిదో అడుగు: అడ్డు ఎప్పుడు, ఎలా

గట్టి దుబ్బు కట్టే మొక్కకు నేలలో అడ్డుగోడ అవసరం లేదు, డబ్బు దండగ. పాకే వెదురుకు మాత్రం నాటకముందే ఏర్పాటు ఉండి తీరాలి. నాటాక పెట్టాలంటే అప్పటికే బయట ఉన్న ప్రతి కొమ్మునూ తీయాల్సివస్తుంది.

ఫిల్లోస్టాకిస్ కొమ్ములు ఎక్కువగా పై 30 సెంటీమీటర్లలోనే సాగుతాయి. ఎదురుదెబ్బ తగిలితే లోతుకూ దిగుతాయి. అందుకని అడ్డును 60 నుంచి 75 సెంటీమీటర్ల లోతుకు పెడతారు. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న అధిక సాంద్రత పాలిథిన్ పలక దీనికి బాగా పనికొస్తుంది. పల్చటి ప్లాస్టిక్‌ను కొమ్ము మొన పొడుచుకుని వెళ్తుంది. సిమెంటు గోడ పగిలిన చోటును వెతుక్కుని దూరుతుంది. పలకను నిట్టనిలువుగా కాకుండా పైభాగం కాస్త బయటికి వాలేలా నిలబెట్టండి. అలా వాలి ఉంటే దాన్ని తాకిన కొమ్ము పైకి తిరిగి నేల మీదికొస్తుంది, మన కంటపడుతుంది. నేలపైన కూడా 5 సెంటీమీటర్లు కనిపించేలా ఉంచాలి. ఆ అంచు మట్టిలో మునిగిందో, ఎండుటాకులు పేరుకుని కప్పేశాయో, కొమ్ము పైనుంచే దాటిపోతుంది. రెండు కొసలను కనీసం మూరెడు మేర ఒకదానిపై ఒకటి వేసి పట్టీతో బిగించండి. చాలా చోట్ల వెదురు తప్పించుకునేది ఈ అతుకులోంచే. అడుగున పలక వేయకండి, నీరు దిగాలి.

అడ్డు పెట్టి మరిచిపోవచ్చనుకోవడం పొరపాటు. అది కొమ్మును మళ్లిస్తుంది, చూసి కోయాల్సింది మనమే.

పలక కన్నా నాకు నచ్చిన పద్ధతి కందకం. దుబ్బు చుట్టూ పార వెడల్పున, 30 సెంటీమీటర్ల లోతున కందకం తవ్వి వదులుగా ఇసుకో ఎండుటాకులో నింపండి. ఏడాదికి రెండుసార్లు వాటిని తోడి, కందకంలోకి దూకిన కొమ్ములను కోసి మళ్లీ నింపేయండి. ఖర్చు తక్కువ, ఏ కొమ్మూ కంటి నుంచి తప్పించుకోదు. ఏడాదికి రెండుసార్లు తప్పకుండా చేయగలనన్న నమ్మకం లేనివారు మాత్రం పలక వైపే వెళ్లాలి, లేదా దుబ్బు వెదురునే నాటుకోవాలి. నన్నడిగితే ఇంటి తోటకు దుబ్బు వెదురే చాలు.

పుదీనా లాంటి చిన్న పాకే మొక్కలను అడుగు తీసేసిన బకెట్లో నాటి, బకెట్‌ను నేలలో పాతవచ్చు. అంచు 5 సెంటీమీటర్లు పైకి ఉండాలి. దాని మీదుగా బయటికి వాలిన తీగలు నేలను తాకిన చోటే వేళ్లు దించుతాయి, వాటిని కత్తిరిస్తూ ఉండండి.

ఆరో అడుగు: దుబ్బును విడదీయడం

పాత దుబ్బుల నడిమి భాగం ఎండిపోయి, పచ్చదనం చుట్టూ వలయంలా మిగులుతుంది. అలంకరణ గడ్డి జాతుల్లో, డేలిలీల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. నడిమి నేల అలసిపోయింది, పాత కొమ్ముల్లో కళ్లు అయిపోయాయి, కొత్తవన్నీ బయటికి నడిచాయి. పూలు చిన్నవవడం, కాడలు బయటికి వాలిపోవడం కూడా విడదీయాల్సిన వేళయిందని చెప్పే గుర్తులే. వేగంగా పెరిగే రకాలకు మూడు నాలుగేళ్లకోసారి ఈ పని పడుతుంది. పియోనీని మాత్రం దశాబ్దాల పాటు ముట్టుకోకపోయినా ఇబ్బంది లేదు.

ఉష్ణ ప్రాంతాల్లో వానలు మొదలయ్యే ముందు, చలి దేశాల్లో వసంతం తొలినాళ్లలో విడదీయడం మంచిది. వెచ్చదనంలో పెరిగే పంపాస్, మిస్కాంథస్ గడ్డిని నిద్రకాలంలో విడదీస్తే కోసిన చోట కుళ్లిపోవచ్చు, కొత్త చిగురు కదిలేదాకా ఆగండి. వసంతంలో పూసే మొక్కలను పూత అయ్యాక విడదీయండి.

ముందురోజు బాగా నీరు పెట్టండి. ఆకులను సగానికి కత్తిరించండి, వేళ్లు తగ్గిన మొక్క అన్ని ఆకులకూ నీరు అందించలేదు. పంపాస్ ఆకు అంచులు రంపంలా కోస్తాయి, పొడుగు చేతుల చొక్కా, మందపాటి తొడుగులు తప్పనిసరి. దుబ్బు చుట్టూ జానెడు దూరంలో తవ్వుకుంటూ వచ్చి, అడుగుకు గునపం దింపి ఒక్కో వైపు నుంచి లేపండి. మరీ పెద్దదైతే మొత్తాన్ని లేపే సాహసం చేయకండి, నడుం పట్టేస్తుంది. నేలలో ఉండగానే పారతో ముక్కలుగా కోసి ఒక్కొక్కటే బయటికి తీయండి.

మట్టి కడిగితే కొమ్ముల అమరిక కనిపిస్తుంది. బయటి వలయంలోని, రెండు మూడు బలమైన పిలకలు, తెల్లటి కొత్త వేళ్లు ఉన్న ముక్కలను ఎంచుకోండి. నడిమి ముదురు భాగాన్ని నిర్మొహమాటంగా పారేయండి. ఆకుల మీద పసుపు చారలు, ముడతలు ఉన్న మెట్టతామరలను విడదీసి పంచకండి, వైరస్ తెగుళ్లు కొమ్ముల వెంటే ప్రయాణిస్తాయి. ఆకులు కురచై, నిటారుగా గుత్తిలా బిగుసుకుపోయిన అరటిది కూడా వైరస్ తెగులే. దాని పిలకలు నాటడం తోటకు తెగులు నాటడమే. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేముందు కత్తిని శుభ్రం చేసుకోండి.

పాత గుంతను కంపోస్టుతో నింపి, ఎంచిన ముక్కలను మునుపటి లోతులోనే నాటి, రెండు వారాలు నీడ, క్రమంగా నీరు ఇవ్వండి. బర్డ్ ఆఫ్ పారడైజ్ లాంటివి విడదీశాక ఒకటి రెండేళ్లు పూయకపోవచ్చు, దిగులు పడకండి.

విత్తనాల దారి

కొమ్ములను కాచుకున్నంత జాగ్రత్తగా విత్తనాలను కాచుకోం. పంపాస్ గడ్డి ఒక చక్కటి దుబ్బు, అంచు దాటదు. కానీ దాని వెండి కుచ్చుల నుంచి గాలికి ఎగిరిన విత్తనాల వల్లే కాలిఫోర్నియాలో, న్యూజిలాండ్‌లో అది కలుపు అయింది. కుచ్చులు విచ్చి దూది రాలకముందే కోసేయండి. మెట్టతామర గింజలు రాయంత గట్టివి, పైపెంకు అరిగేదాకా మొలవకుండా నేలలో కాచుకుని ఉండగలవు. ముళ్లకాయలు ఎండకముందే తెంపితే సరి.

ఇప్పటికే చేయి దాటితే

ముందుగా మొక్కలో ఎంత భాగం ఉంచుకోవాలో నిర్ణయించుకోండి. ఆ భాగం చుట్టూ అంచు కోత కోసి తల్లి దుబ్బును మిగతాదాని నుంచి వేరు చేయండి. ఇక బయట మిగిలినదానికి తల్లి నుంచి ఆహారం అందదు.

నేల వదులుగా ఉండి, విస్తీర్ణం తక్కువైతే తవ్వి, జల్లెడ పట్టి కొమ్ములు ఏరేయడమే వేగంగా ముగిసే మార్గం. విస్తీర్ణం ఎక్కువైతే ఆకలి మార్గం పట్టాలి. పిలకలను మూడు నాలుగు ఆకులు విచ్చేదాకా రానిచ్చి నేలమట్టానికి కోయండి. నిల్వ ఖర్చయి, సంపాదన మొదలుకాని సమయం అది. మళ్లీ వస్తాయి, మళ్లీ అదే దశలో కోయండి. ప్రతిసారీ పిలకలు సన్నబడుతూ వస్తే పని జరుగుతున్నట్టే. మొండి రకాలకు రెండు మూడేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క సీజన్ వదిలేసినా నిల్వ మళ్లీ నిండుతుంది, చాలామంది ఓడిపోయేది అక్కడే.

వెలుతురు చొరని మందపాటి నల్ల పట్టా కప్పి ఉంచడం కూడా ఆకలి మార్గమే. కనీసం రెండు ఎదుగుదల కాలాలు ఉంచాలి. అంచులు మొక్క ఉన్న చోటుకన్నా మీటరు అవతలికి వెళ్లాలి, లేకపోతే కొమ్ములు పక్క నుంచి తలెత్తి లోపలివాటికి ఆహారం పంపుతాయి. ఎండలో పారదర్శక ప్లాస్టిక్ కప్పే పద్ధతి విత్తనాలకు, పై పొర వేళ్లకు పనికొస్తుంది గాని లోతు కొమ్ములను చంపదు.

కలుపు మందును నేను చివరి మాటగానే చెబుతాను. వాడక తప్పనప్పుడు వేళ్లదాకా దిగే మందును, మొక్క ఆహారాన్ని కిందికి పంపే సీజన్ చివరి భాగంలో, డబ్బా మీది సూచనల ప్రకారం, స్థానిక నియమాలు చూసుకుని వాడాలి. తల్లి దుబ్బుతో కొమ్ము బంధం తెగిందని నిర్ధారించుకోకుండా బయటి పిలకల మీద చల్లితే, ఉంచుకోవాలనుకున్న మొక్క కూడా దెబ్బతింటుంది.

తీసిన ముక్కలు

జపనీస్ నాట్‌వీడ్ గ్రాము కన్నా తక్కువ బరువున్న కొమ్ము ముక్క నుంచి కూడా మళ్లీ మొక్కగా లేవగలదు. అన్నీ అంత మొండివి కాకపోయినా, కన్ను ఉన్న ప్రతి ముక్కనూ బతికున్న మొక్కగానే చూడండి. పచ్చి కొమ్ములను కంపోస్టు కుప్పలో వేయకండి. రాతి చప్టా మీద పల్చగా పరిచి, విరిస్తే ఫట్‌మనేదాకా ఎండబెట్టి అప్పుడు వేయండి. నేలను తాకేలా ఎండబెడితే వాన పడ్డప్పుడు అక్కడే వేళ్లు పట్టుకుంటాయి. కాలువ గట్టున, చెరువు ఒడ్డున, ఖాళీ స్థలాల్లో పారబోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అరుండో గడ్డి నదుల వెంట మైళ్ల కొద్దీ వ్యాపించింది వరదలో కొట్టుకుపోయిన ముక్కల వల్లే.

ఎవరికైనా పంచేటప్పుడు మొక్క పేరుతో పాటు అది దుబ్బు రకమో, పాకే రకమో, ఎంత వెడల్పుకు ఎదుగుతుందో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. తవ్వి తీసిన చోటును వచ్చే ఎదుగుదల కాలమంతా రెండు వారాలకోసారి చూస్తూ, మిగిలిన ముక్కల నుంచి లేచిన పిలకలను లేతగా ఉండగానే కొమ్ముతో సహా లాగేయండి. ఆ సీజన్ పూర్తయ్యేదాకా అక్కడ కొత్త మొక్కేదీ నాటకండి.